మూడు రోజుల మాత్ర

పెదలంక జిల్లా వృద్ధ వైద్యశాలలో మత్తుమాత్ర మొదలుపెట్టడానికి ఒక్క సంతకం చాలు. ఆపడానికి పదకొండు కావాలి. ఇదేం లెక్కండీ అని అడిగినవాళ్లకు సూపరింటెండెంటు డాక్టర్ వామనరాజు గారు ఓపిగ్గా నచ్చజెప్పేవారు. మొదలుపెట్టడం అత్యవసరమట, ఆపడం విధాన నిర్ణయమట. విధాన నిర్ణయాలు నిలబడ్డపాటున తీసుకుంటే ఇంక ప్రభుత్వమెందుకు, ఆఫీసులెందుకు అనేవారు.

ఈ పదకొండు సంతకాల రూలు వెనక చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు పాపం. ముసలివాళ్లకు నిద్రమాత్రలూ, మతిభ్రమకిచ్చే మాత్రలూ ఇష్టమొచ్చినట్టు ఇచ్చేస్తున్నారనీ, వాటి మత్తులో వాళ్లు తూలిపడి తుంటి ఎముకలు విరగ్గొట్టుకుంటున్నారనీ ఎక్కడో ఎవరో బుద్ధిమంతుడు ఒక కాగితం రాశాడు. ఆ కాగితం అరపేజీ. తక్కువ మోతాదు ఇవ్వండి, తక్కువ రోజులివ్వండి, ఎందుకిస్తున్నారో రాయండి, ఎప్పుడాపుతారో కూడా అప్పుడే రాయండి, ఆపేటప్పుడు ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గించండి. అంతే. ఆ అరపేజీ రాజధానిలో బయల్దేరి, ఆఫీసు ఆఫీసుకీ ఆగి, పెదలంక చేరేసరికి నూట పద్నాలుగు పేజీలైంది. దారిలో ప్రతివాళ్లూ తలా కాస్త కలిపారు. అరపేజీ మాత్రం ఎక్కడో జారిపోయింది.

జారిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు, ఎందుకంటే అప్పటికే పక్షోత్సవాలు మొదలైపోయాయి. "మత్తుమందుల సురక్షిత వినియోగ పక్షోత్సవాలు" అని గేటుకి అడ్డంగా బ్యానరు కట్టారు. ముగ్గుల పోటీ పెట్టారు. ప్రతిజ్ఞ చేయించారు. ముప్ఫై ఎనిమిది మంది రోగుల్నీ చక్రాల కుర్చీల్లో కూర్చోబెట్టి, చేతికో జెండా ఇచ్చి, ఆవరణ చుట్టూ ర్యాలీ తీశారు. ముప్ఫై ఎనిమిది మందీ తలలు వాల్చి నిద్రపోతూనే ర్యాలీ పూర్తిచేశారు. మర్నాడు పేపర్లో ర్యాలీ ప్రశాంతంగా సాగిందని రాశారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఆ ర్యాలీలో పన్నెండో నెంబరు మంచం అచ్చమాంబ గారి కుర్చీ తోసింది హెడ్ సిస్టరు ఎస్తేరు. మలుపు దగ్గర అచ్చమాంబ గారి చేతిలోంచి జెండా జారిపోయింది. ఎస్తేరు వంగి తీసి మళ్లీ వేళ్ల మధ్య పెట్టబోతే ఆ వేళ్లు మూసుకోలేదు. మెత్తగా, చల్లగా, ఎవరివో అన్నట్టున్నాయి. ఎస్తేరు ఆ జెండా తనే పట్టుకుని మిగతా ర్యాలీ నడిచింది.

అచ్చమాంబ గారంటే ఒకప్పుడు పెదలంకలో తెలియని చెవి లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషి. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ఆవిడ గొంతెత్తితే చెరుకు రసం గానుగ కూడా ఆపేవారు. ఎస్తేరు నర్సింగు పరీక్షకి వెళ్లాల్సిన రోజున వాళ్ల ఊరి ఆటో దారిలో మొరాయించింది. మచిలీపట్నం బస్సు ఇంజను స్టార్టు చేసి ఉంది, ఎస్తేరేమో ఇంకా రోడ్డవతల పరిగెడుతోంది. అప్పుడు మైకులో వినబడింది. "మచిలీపట్నం డ్రైవరు గారికి మనవి. నీలం ఓణీ పిల్ల ఒకర్తి పుస్తకాలు గుండెకి హత్తుకుని పరిగెత్తుకొస్తోంది. రెండు నిమిషాలు ఆగవలెను." ఆ రెండు నిమిషాల మీదే ఎస్తేరు ఇరవై ఆరేళ్ల సర్వీసు నిలబడి ఉంది.

అలాంటి మనిషి తుంటి ఆపరేషనయ్యాక ఇక్కడికొచ్చింది. వచ్చిన కొత్తలో జ్వరం, దానితో కాస్త మతి తప్పి లేచి కూర్చుని బస్సుల పేర్లు చదివేది. అప్పటి డాక్టరు ఒక పసుపుపచ్చ మాత్ర రాశాడు, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, మూడు రోజులు. రాసి బదిలీ అయి వెళ్లిపోయాడు. జ్వరం కూడా వెళ్లిపోయింది. మాత్ర ఉండిపోయింది.

ఎలా ఉండిపోయిందంటే, వైద్యశాలలో ఒక ఆచారం ఉంది. రోజూ పొద్దున్నే డాక్టరు మంచాల మధ్య నడుస్తూ ప్రతి చార్టు మీదా మూడు ఇంగ్లీషు అక్షరాలు రాస్తాడు: సి.ఎస్.టి. చేస్తున్న వైద్యమే చేస్తూ పొండి అని అర్థం. ఆ అక్షరాలు చూసి నర్సు నిన్నటి చార్టులో ఉన్నది ఇవాళ్టి చార్టులోకి దించుకుంటుంది. మూడు రోజులు అన్న మాట నాలుగోనాటి పేజీలోకి దిగలేదు. మాత్ర దిగింది. దించుకున్న చేతుల్లో ఎస్తేరు చెయ్యి కూడా ఉంది. పాత పేజీలన్నీ తిరగేసి ఆ సంగతి కనిపెట్టిన రోజు ఆవిడ మందుల గదిలో కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, మాత్ర ఆపించడానికి బయల్దేరింది.

మాత్ర ఆపాలంటే మత్తుమందుల పునఃసమీక్షా సంఘం కూర్చోవాలి. సంఘంలో ఐదుగురు. సూపరింటెండెంటు వామనరాజు గారు, జిల్లా నాణ్యతాధికారి సుందర శివరావు గారు, ఫార్మసిస్టు పోలయ్య, పరిపాలనాధికారి గంగాభవాని గారు, ఐదోవారు రోగుల ప్రతినిధి. రోగుల ప్రతినిధి అప్పలనరసింహం గారు రిటైర్డు తహసీల్దారు, ఏడో నెంబరు మంచం. ఆయన్నీ రెండు పూటలా పసుపు మాత్రే ఏలుతోంది కనుక, సంఘం పెట్టిననాటినుంచీ ఏ తీర్మానానికీ అభ్యంతరం చెప్పలేదు. ఈ ఐదుగురూ తలా రెండు చోట్ల సంతకం చెయ్యాలి. రోగుల ప్రతినిధి గారిది పోలయ్య వేలిముద్ర వేయించేవాడు. అక్కడికి పది. పదకొండోది ఆ మాత్ర వేసుకుంటున్న రోగిది. పూర్తి మెలకువలో, ఎందుకు వద్దో ఆలోచించుకుని, స్వయంగా పెట్టాలి.

"మాత్ర వేసుకుంటే మెలకువ రాదండి. మెలకువ రాందే మాత్ర ఆపరంటారు" అంది ఎస్తేరు, మంగళవారం స్టాఫ్ మీటింగులో.

సుందర శివరావు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "సిస్టర్ గారూ, మీరు భావోద్వేగపరంగా చూస్తున్నారు. మేము సూచికల పరంగా చూస్తాము. పన్నెండో నెంబరు లబ్ధిదారు విషయంలో గడచిన పద్నాలుగు నెలల్లో ఫిర్యాదులు సున్నా. ప్రశాంతతా సూచిక నూటికి నూరు."

"ఆవిడకి మాటే రావట్లేదు కదండీ, ఫిర్యాదెలా చేస్తారు?"

"అది వేరే సూచిక. దానికి ఇంకా ప్రొఫార్మా రాలేదు."

నిజానికి మొదట్లో అచ్చమాంబ గారు మాట్లాడేవారే. నర్సుకి ఎదురు తిరిగి, ఈ మాత్ర నాకెందుకమ్మా అని అడిగేవారు. అది చార్టులో ఇలా ఎక్కింది: రోగి ప్రశ్నలు అడుగుతున్నారు, ఉద్రేకం. లేచి వరండాలోకి నడిస్తే, తిరుగుతున్నారు, పడిపోయే ప్రమాదం. చివరికి విసుగొచ్చి మాట్లాడకుండా కూర్చుంటే, ప్రశాంతంగా ఉన్నారు, మాత్ర పనిచేస్తోంది, సి.ఎస్.టి. ఇంతకంటే దారి లేకుండా మనిషిని మూసెయ్యడం జైల్లో కూడా కష్టమే.

"ఇంకో సంగతండి. శుక్రవారానికి ఆవిడ మాత్ర మొదలుపెట్టి నాలుగు వందల యాభై రోజులవుతుంది" అంది ఎస్తేరు.

"అభినందనలు" అన్నారు శివరావు గారు మనస్ఫూర్తిగా. "యాభై ఎనిమిదో పేజీ ప్రకారం నాలుగు వందల యాభై రోజులు నిండినవారు శాశ్వత లబ్ధిదారులు. వారి కేసు ఇంక సమీక్షకు రాదు. జీవితాంతం ఏ పత్రాలూ సమర్పించనక్కర్లేదు. మీ సంస్థలో ఆమే మొదటివారు. శాలువా ఏర్పాటు చెయ్యండి."

ఇంకా మూడు రోజులుంది. శుక్రవారం పొద్దున దాటితే ఆ గొంతు ఇంక లేవదు. ఎస్తేరు పక్కన కూర్చున్న డ్యూటీ డాక్టరు షకీలా వైపు చూసింది. షకీలా కాంట్రాక్టు మీద వచ్చిన పిల్ల, మంచి డాక్టరు. ఆవిడ మాత్ర మొదలుపెట్టొచ్చు, ఆపకూడదు. "నేను రెండుసార్లు రాశాను సిస్టర్. రెండుసార్లూ నా కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో చూసుకోమన్నారు" అంది చిన్నగా.

అప్పుడు వామనరాజు గారు గొంతు సవరించుకుని అసలు అజెండాకి వచ్చారు. పక్షోత్సవాల్లో జిల్లా షీల్డు రావాలంటే ప్రతి సంస్థా సొంతంగా ఒక వినూత్న ఆచరణ ప్రవేశపెట్టాలి. దానికి ఇరవై మార్కులు. పక్క జిల్లావాళ్లు మాత్రల మీద హరికథ చెప్పించారట. "మనం వెనకబడకూడదు. గురువారం సమీక్షా సంఘం సమావేశం లోగా ఏదైనా కొత్తది కావాలి. చెప్పండి, ఎవరైనా సరే, సంకోచించవద్దు."

ఎస్తేరుకి అప్పటికే ఒళ్లు మండుతోంది. "ఓసారి మీరంతా ఆ మాత్ర మింగి చూడండి సార్, తెలుస్తుంది" అనేసింది.

గదంతా చల్లబడిపోయింది. షకీలా తల దించుకుంది. వామనరాజు గారు ఎస్తేరు వైపు అలాగే చూస్తూ ఉండిపోయారు. ఆయన మొహం ఎర్రబడి, తెల్లబడి, చివరికి వెలిగింది.

"స్వానుభవ సమీక్ష" అన్నారు.

"అద్భుతం" అన్నారు శివరావు గారు కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "నిర్ణేతలే వినియోగదారులు. దేశంలో ఎక్కడా లేదు. సమావేశంలో సభ్యులు తలా ఒక మాత్ర సేవించి, దాని ప్రభావాన్ని నిమిషనిమిషానికీ నమోదు చేయవలెను. రాసుకో పోలయ్యా."

"అయ్యా, నేను ఎటకారంగా అన్నానండి" అంది ఎస్తేరు.

"ఆలోచన ఏ రూపంలో వచ్చినా స్వీకరిస్తాం సిస్టర్. అది మా విధానం."

వద్దండి, బండి నడపకూడదు, తల తిరుగుతుంది, బీపీ మందులు వాడేవాళ్లకి ఇంకా ఇబ్బంది అని షకీలా గట్టిగానే చెప్పింది. అవన్నీ సర్క్యులర్లో ఉన్నాయని శివరావు గారు హామీ ఇచ్చారు. చదవాల్సిన పని లేదని దాని అర్థం.

గురువారం ఉదయం పదకొండు గంటలకి సమావేశ మందిరంలో కొత్త తివాచీ పరిచారు. ఫొటోగ్రాఫరు రెండు ఫొటోలు తీసుకుని వేరే పెళ్లి ఉందని వెళ్లిపోయాడు. అచ్చమాంబ గారిని కుర్చీలో తెచ్చి కిటికీ పక్కన పెట్టారు. అప్పలనరసింహం గారు తన సీట్లో తల వెనక్కి వాల్చి యథాప్రకారం హాజరయ్యారు. ఆయనకి స్వానుభవం ఇదివరకే ఉంది కనుక మాత్ర మినహాయించారు.

చిక్కు పోలయ్య దగ్గర వచ్చింది. వార్డు వాటా పోగా ఆ పూట స్టోరులో మిగిలిన పసుపు మాత్రలు మూడే. సంఘానికి నాలుగు తీస్తే వార్డుకి ఒకటి తగ్గుతుంది. సాయంత్రం కొత్త సరుకొస్తుంది. "సంఘమే ముందు" అన్నారు వామనరాజు గారు. అలా పన్నెండో నెంబరువారి ఉదయపు మాత్ర ఆ రోజు అచ్చమాంబ గారికి అందలేదు. దాన్ని గంగాభవాని గారు మంచినీళ్లతో మింగారు.

మినిట్సు రాసే పని శివరావు గారు స్వయంగా తీసుకున్నారు. ఆ కాగితం ఇప్పటికీ ఉంది. మొదటి వరస ముత్యాల్లాంటి అక్షరాలు. పదకొండుంపావుకి, సభ్యులెవరిలోనూ ఎటువంటి మార్పూ గమనించబడలేదు, మాత్ర పూర్తిగా నిరపాయకరము. పదకొండున్నరకి, పోలయ్య గారు ఆవలించుట జరిగింది, యాదృచ్ఛికము. పదకొండూ నలభైకి, గంగాభవాని గారు అందరూ మంచివాళ్లేనని అభిప్రాయపడిరి. పదకొండూ యాభైకి, గది చాలా బాగుంది. ఆ తర్వాత ఒక గీత పేజీ చివరిదాకా వెళ్లి బల్ల మీదకి దిగింది.

"సిస్టర్" అన్నారు వామనరాజు గారు, నాలుక మందపడుతుండగా. "ఇది... ఇంతుంటుందా?"

"ఇంకా ఉంటుంది సార్. ఆవిడకి రోజుకి రెండు."

"రెండు" అన్నారాయన. దాని గురించి ఇంకా ఏదో అనబోయారు. కళ్లు మూతపడ్డాయి.

పన్నెండు గంటలకల్లా సంఘం మొత్తం ఏకగ్రీవంగా నిద్రపోయింది.

ఎస్తేరూ షకీలా కంగారు పడలేదు, ముసలివాళ్లతో అలవాటే. ఒక్కొక్కర్నీ తివాచీ మీద పక్కకి తిప్పి పడుకోబెట్టారు. బీపీ చూశారు, ఊపిరి లెక్కపెట్టారు, దొర్లిపోకుండా కుర్చీలు అడ్డం పెట్టారు. నలుగురి చేతులకీ పడిపోయే ప్రమాదమున్న రోగులకు కట్టే పసుపు పట్టీ కట్టారు. నలభయ్యో పేజీ ప్రకారం మాత్ర మింగిన ప్రతివారి పేరూ మత్తు రిజిస్టర్లో ఎక్కాలి కనుక ఎస్తేరు నాలుగు పేర్లూ పూర్తి వివరాలతో రాసింది. రూలు రూలే కదా.

"ఇప్పుడేంటి సిస్టర్?" అంది షకీలా. "రేపటికి నాలుగొందల యాభై. సంతకాలు పెట్టేవాళ్లు ఇలా ఉన్నారు."

ఎస్తేరు నూట పద్నాలుగు పేజీలూ మూడు రోజుల్లో రెండుసార్లు చదివింది. రాష్ట్రంలో అది పూర్తిగా చదివిన మనిషి బహుశా ఆవిడొక్కతే. తొంభై ఒకటో పేజీ తీసి షకీలా ముందు పెట్టింది. "విధి నిర్వహణలో అధికారులు అచేతనులైనచో, లేక కొట్టుకుపోయినచో, హాజరైన రెగ్యులర్ సిబ్బందిలో మిక్కిలి సీనియరు వారందరి తరఫున సంతకము చేయవలెను."

"కొట్టుకుపోవడమేంటి?"

"తుఫాను డ్యూటీ సర్క్యులర్లోది డాక్టరమ్మా. ఎవరో చూసి దించేటప్పుడు ఒక పేజీ ఎక్కువ దించేశారు."

షకీలాకి నవ్వాగలేదు. మూతికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే కాగితం తీసుకుని మందు తగ్గించే పద్ధతి రాసింది. ఒకేసారి ఆపకూడదు, ఇన్నాళ్లు వేసిన మాత్ర. రోజుకి రెండు కాస్తా ఒకటి, తర్వాత సగం, తర్వాత రోజు విడిచి రోజు సగం, వారం వారం చూసి, నిద్రా నడకా గమనించి, ఇరవై నాలుగో తేదీకి పూర్తిగా బంద్. ఎందుకు మొదలైందో, ఎందుకు ఆపుతున్నారో రెండు వరసల్లో రాసింది. ఎస్తేరు కుర్చీ లాక్కుని వైద్యశాల సీనియరు హోదాలో పది సంతకాలు పెట్టింది.

పదకొండో గడి ఖాళీగా ఉంది. అది అచ్చమాంబ గారిది.

సరిగ్గా అప్పుడే తివాచీ మీద వామనరాజు గారు గురక అందుకున్నారు. మామూలు గురక కాదది, డీజిలు ఇంజను. మొదలై, ఆగి, దగ్గి, మళ్లీ అందుకుంది. కిటికీ పక్కన ఏదో కదిలింది. అచ్చమాంబ గారి కనురెప్పలు సగం విచ్చుకున్నాయి. తల మెల్లగా శబ్దం వైపు తిరిగింది.

"డిపోకి పంపించెయ్యండి. ఆ బండి పనికిరాదు" అంది, గొంతు బొంగురుగా.

ఎస్తేరు మోకాళ్ల మీద కూలబడినట్టే కూర్చుని ఆవిడ చేతులు పట్టుకుంది. "అచ్చమాంబ గారూ, అమ్మా, నేను ఎస్తేరునండి. ఈ మాత్ర తగ్గిద్దామనుకుంటున్నాం. మీకిష్టమైతే ఇక్కడ సంతకం పెట్టాలండి."

"ఏ మాత్ర?"

చెప్పారు. ఎందుకు మొదలుపెట్టారో, ఎన్నాళ్లయిందో, తగ్గిస్తే ఏమవుతుందో షకీలా మెల్లగా రెండుసార్లు చెప్పింది. అచ్చమాంబ గారు విన్నారు. మధ్యలో కళ్లు మూతపడితే గురక మళ్లీ లేపింది.

"మూడు రోజులకిచ్చింది ఇన్నాళ్లు వేశారా నాకు?" అంది చివరికి.

"వేశామమ్మా. నేను కూడా వేశాను." ఎస్తేరు తల ఎత్తలేకపోయింది.

అచ్చమాంబ గారు చెయ్యి చాపారు. పెన్ను అడిగి తీసుకుంది. బస్టాండు హాజరు పట్టీలో ముప్ఫై ఒక్క ఏళ్లు పెట్టిన సంతకం వంకరగా, తప్పిపోకుండా, గడిలో పడింది.

నలుగురు సభ్యులూ సాయంత్రానికి లేచారు. ఫరవాలేదనిపించాక షకీలా ఒక్కొక్కర్నీ ఇంటి నుంచి మనుషుల్ని పిలిపించి పంపింది. లేవగానే శివరావు గారు సమావేశం విజయవంతమైందని ప్రకటించి, ఏం జరిగిందని అడిగారు.

అసలు పండగ శుక్రవారం పొద్దున మొదలైంది. వైద్యశాల తన పద్ధతిలో తాను పనిచేసింది. మత్తు రిజిస్టర్లో నాలుగు కొత్త పేర్లు కనబడ్డాయి. గుమస్తా నాలుగు చార్టులు తెరిచాడు. స్టోరు కుర్రాళ్లు మాత్రలు కట్టి పంపారు. ఇదేమిటని వాళ్లని అడగాల్సిన పోలయ్య సెలవులో ఉన్నాడు. ఎస్తేరు ట్రే పట్టుకుని సూపరింటెండెంటు గదిలోకి వెళ్లింది.

"నోరు తెరవండి సార్."

వామనరాజు గారు ట్రే చూసి వెనక్కి జరిగారు. "నాకెందుకమ్మా ఇది?"

ఎస్తేరు చార్టు తీసింది.

"ఏం రాస్తున్నావు?"

"రోగి ప్రశ్నలు అడుగుతున్నారండి. ఉద్రేకం."

ఆయన దిగ్గున లేచి బల్ల చుట్టూ ఇవతలకి వచ్చారు. ఎస్తేరు ఇంకో వరస రాసింది. "లేచి తిరుగుతున్నారు. పడిపోయే ప్రమాదం."

"ఎస్తేరూ, నేను సూపరింటెండెంటుని."

"తాను సూపరింటెండెంటునంటున్నారు" అని రాసుకుంది. "ఇదిగోండి, భ్రమలున్నవాళ్లకి మోతాదు పెంచమని అరవై రెండో పేజీ."

వామనరాజు గారు కూర్చున్నారు. ఫోను తీసి శివరావు గారికి చేశారు. అవతల ఆయన గొంతు ఎస్తేరుకి కూడా వినబడింది. "నాకూ కవర్లో పెట్టి పంపారండి. ఆపాలంటే సంఘం కూర్చోవాలట. మాత్ర మీదున్నవాళ్లు సంఘంలో కూర్చోకూడదు, ఇరవై మూడో పేజీ, నేనే రాశాను. ఒక్క రోగుల ప్రతినిధి సీటు తప్ప. అది అప్పలనరసింహం గారిది."

ఫోను పెట్టేసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయారు. ఎస్తేరు కలం కదిలింది.

"ఇప్పుడేం రాస్తున్నావమ్మా?" అడిగారాయన నీరసంగా.

"ప్రశాంతంగా ఉన్నారు. మాత్ర పనిచేస్తోంది. సి.ఎస్.టి."

"నేనింకా మింగనే లేదే."

"చార్టుకి అది తెలియదు కదండీ."

వామనరాజు గారు చార్టు అందుకుని ఆ వరసలన్నీ చదివారు. మళ్లీ చదివారు. "ఇవి ఎక్కడో చూశాను" అన్నారు.

"పన్నెండో నెంబరు మంచం సార్. మీరు కౌంటరు సంతకం పెట్టారు."

ఆయన మొహంలో ఆఫీసు దిగిపోయి మనిషి కనబడ్డాడు. "నిన్న నాకు నోరు తిరగలేదమ్మా. అడుగుదామనుకున్నదేదో లోపలే ఉండిపోయింది. ఆవిడకి పద్నాలుగు నెలలా?" అన్నారు.

"అవునండి."

అప్పుడు ఎస్తేరు ట్రే కింద నుంచి ఒక కాగితం తీసింది. షకీలా రాజధానికి ఫోన్లు చేసి, ఎవర్నో పట్టుకుని, మొట్టమొదటి కాగితం తెప్పించింది. అరపేజీ. వామనరాజు గారు చదివారు, అటు తిప్పారు, ఇంకేమైనా ఉందా అని చూశారు.

"ఇంతేనా?"

"ఇంతేనండి."

ఆయన దాని కింద, నేటినుండి ఈ వైద్యశాలలో ఇదే అమలు అని రాసి సంతకం పెట్టారు. ఒక్క సంతకం. తర్వాత ట్రే వైపు చూసి, "మరి నాది?" అన్నారు.

"ఒక్కటే వేసుకున్నారు కదండీ, తగ్గించడానికేం లేదు. డాక్టరమ్మ బంద్ చేసి సంతకం పెట్టేసింది" అని ఎస్తేరు మాత్ర తీసుకుపోయింది.

ఆ నెలంతా వైద్యశాల మారిపోయింది. షకీలా ఒక్కొక్క చార్టూ తిరగేసి, నిజంగా అవసరమున్న తొమ్మిది మందికీ మాత్ర ఉంచి, ఎందుకో, ఎప్పటిదాకానో రాసింది. మిగతావాళ్లకి మెల్లమెల్లగా తగ్గించింది. ముసలివాళ్లు ఒక్కొక్కరే తేలారు. వార్డులో పేకాట మొదలైంది, కాఫీ బాగాలేదన్న గొడవ మొదలైంది. అప్పలనరసింహం గారైతే కళ్లు తెరిచి మొట్టమొదట అన్నమాట, నాకు అభ్యంతరం ఉంది అని. ఏ తీర్మానానికండీ అంటే అన్నిటికీ అన్నారు. ప్రశాంతతా సూచిక నూటి నుంచి పదకొండుకి పడిపోయింది. షీల్డు పక్క జిల్లా హరికథకి వెళ్లింది.

పదిహేడో తేదీ పొద్దున ఎస్తేరు ట్రేతో పన్నెండో నెంబరు దగ్గరకి వెళ్లేసరికి అచ్చమాంబ గారు లేచి కూర్చుని, జడ తనే అల్లుకుని ఉన్నారు. ట్రేలో సగం మాత్ర ఉంది. ఆవిడ దాన్ని వేలితో అటూ ఇటూ కదిపింది.

"ఇది నాకెందుకమ్మా?"

ఎస్తేరు చెయ్యి అలవాటు కొద్దీ చార్టు మీదకి పోయింది. ఆగింది. మంచం అంచున కూర్చుని మొదటినుంచీ చెప్పింది. మాత్ర పేరు, అది చేసే పని, ఒక్కసారిగా ఎందుకు ఆపకూడదో, ఇంకా ఎన్ని సగాలున్నాయో. తర్వాత, ఆపుకోలేక, మచిలీపట్నం బస్సు సంగతి కూడా చెప్పేసింది.

అచ్చమాంబ గారు తల పక్కకి వంచి విన్నారు. "నీలం ఓణీయా?"

"అవునండి."

"పరీక్ష అందిందా మరి?"

"అందిందండి." ఎస్తేరుకి కళ్లనీళ్లు ధారకట్టాయి. "ఆ రోజు మీరు నాకు రెండు నిమిషాలు ఆగారు. నేను మాత్రం..."

"ఊరుకో. ఇప్పుడొచ్చావుగా" అంది ఆవిడ. సగం మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. "ఆఖరిది ఎప్పుడన్నావు?"

"ఇరవై నాలుగో తేదీనండి."

అచ్చమాంబ గారు గొంతు సవరించుకున్నారు. వెన్ను నిటారైంది. పేకాట ఆగింది, కాఫీ గొడవ ఆగింది, వరండాలో వెళ్తున్న వామనరాజు గారు నిలబడిపోయారు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పద్నాలుగు నెలలుగా పన్నెండో నెంబరు ప్లాట్‌ఫారం మీద నిలిచిపోయిన మూడు రోజుల సర్వీసు ఇరవై నాలుగో తేదీతో రద్దు చేయబడినది. అందులో నిద్రపోతున్నవారు దయచేసి లేచి, తమ సామాన్లు తాము చూసుకుని దిగవలెను."

వార్డంతా చప్పట్లు కొట్టింది. అప్పలనరసింహం గారు కూడా అభ్యంతరం చెప్పలేదు. ఎస్తేరు కళ్లు తుడుచుకుని చార్టు తెరిచి, ఆ రోజు తేదీ కింద, రోగి మాట్లాడుతున్నారు అని రాసి ఊరుకుంది.